యూరియా పైపుకి రెండు చిల్లులు

"చైనా ముందు మనమెంత? నైట్రస్ ఆక్సైడ్ అనగానే మన పేరెందుకు ఎత్తుతారు?" అని ఒక పాఠకుడు కాస్త కోపంగానే అడిగారు. ఇది భూమిని వేడెక్కించే వాయువు. మనుషుల పనుల వల్ల ఈ వాయువు వెలువడే దేశాల్లో చైనాది మొదటి స్థానం, మనది రెండోది. ర్యాంకుల సంగతి అలా ఉంచి గ్రాఫు చూడండి. చైనా గీత 2015 ప్రాంతం నుంచి ఎక్కడం మానేసింది. మనది ఇంకా ఎక్కుతూనే ఉంది.

స్కూల్లో నత్రజని చక్రాన్ని బాణాలతో గుండ్రంగా గీయిస్తారు. ఆ బొమ్మలో ఎక్కడా ఒక్క చుక్క కారదు! నాకు నచ్చిన బొమ్మ వేరు. 1980ల చివర్లో ఫైర్‌స్టోన్, డేవిడ్‌సన్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన చిల్లుల పైపు అది. పొలంలో చల్లిన యూరియా ముందు అమ్మోనియం అవుతుంది. గాలి ఆడే చోట కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇది మొదటి పైపు. గాలి ఆడని చోట ఇంకొన్ని ఆ నైట్రేట్‌ను మామూలు నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తాయి. ఇది రెండోది. రెండింటికీ చిల్లులున్నాయి, కారేది నైట్రస్ ఆక్సైడ్. ఎంత కారుతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: పైపులో పారేది ఎంత, చిల్లు ఎంత.

వాతావరణ మార్పుపై ఐరాస శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ మోటు లెక్క ప్రకారం వేసిన నత్రజనిలో 1 శాతం ఇలా పోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. అందులో 1 శాతం 207 గ్రాములు. నత్రజని బరువును వాయువు బరువుగా మార్చడానికి 44/28తో గుణిస్తే 325 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కన ఇది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అంటే బస్తాకి దాదాపు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

చిల్లు సైజు ఎప్పుడూ ఒకేలా ఉండదు. మట్టి రంధ్రాల్లో 60 శాతానికి పైగా నీరు చేరితే రెండో పైపు జోరందుకుంటుంది. నేల పూర్తిగా మునిగితే మాత్రం ఆ పైపు చివర్లో పనిచేసే బ్యాక్టీరియా ఎంజైమ్ నైట్రస్ ఆక్సైడ్‌ను కూడా వదలకుండా నైట్రోజన్‌గా మార్చేస్తుంది. అందుకే నీళ్లు నిలిచిన వరి మడిలో కారేది తక్కువ. కాకపోతే అక్కడ మీథేన్ పుడుతుంది. మధ్యలో మడి ఆరబెడితే మీథేన్ తగ్గి, నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. చైనా రైతులు చాలామంది చేసేది ఇదే.

ఆ ఎంజైమ్‌కి ఆమ్లం పడదు. అతిగా ఎరువు వేస్తే నేల ఆమ్లమవుతుంది. 1980ల నుంచి 2000ల దాకా చైనా సాగు నేలల్లో జరిగింది అదే. అంటే పారేది పెరిగింది, చిల్లూ పెద్దదైంది.

1978లో చైనా రసాయన ఎరువుల వాడకం 90 లక్షల టన్నుల లోపే. 2015కల్లా 6 కోట్లు దాటింది. అదే ఏడు, 2020 నాటికి ఎరువుల పెరుగుదలను సున్నా చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2020లో వాడకం 5.25 కోట్లకు దిగింది. మరి పంట తగ్గలేదా? 2005-2015 మధ్య అక్కడ సుమారు 2 కోట్ల మంది చిన్న రైతులతో జరిపిన కార్యక్రమంలో నత్రజని 15 నుంచి 18 శాతం తగ్గింది, దిగుబడి 11 శాతం దాకా పెరిగింది. పైరు నల్లగా నిగనిగలాడితేనే పంట బాగున్నట్టు అనే నమ్మకం మన దగ్గరా బలంగా ఉంది. ఆ నలుపును చూసి ముందు సంతోషించేవి సుడిదోమ, పాముపొడ తెగులు!

చైనా పారేదాన్ని తగ్గించింది. మనం చిల్లు బిగించే పనిలో పడ్డాం. 2015లో యూరియాకి వేప పూత తప్పనిసరి చేశారు. వేపలోని పదార్థాలు మొదటి పైపు బ్యాక్టీరియాను నెమ్మదింపజేస్తాయి. మంచి పనే, కానీ పారేది అలాగే ఉంది. 1992లో భాస్వరం, పొటాష్ ధరల మీద నియంత్రణ ఎత్తేసి యూరియాని మాత్రం చౌకగా ఉంచారు. చౌకైనదే ఎక్కువ చల్లుతారు, ఇందులో రైతు తప్పేముంది? 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45కి తగ్గించారు. ఎకరాకి ఇన్ని బస్తాలని లెక్క కాబట్టి వాడకం దానంతటదే తగ్గుతుందని ఆశ. అయినా 2020-21లో మన నత్రజని వాడకం 2 కోట్ల టన్నులు దాటింది.