రాణి ఎవరో కందిరీగలకు తెలుసు

దక్షిణ భారతదేశంలో పాత భవనాల చూరు కింద, కిటికీ రెక్కల వెనక బూడిదరంగు కాగితంలాంటి చిన్న గూళ్లు కనిపిస్తాయి. చెట్ల నారను నమిలి కందిరీగలు కట్టుకునే గూళ్లు అవి. వాటిని చూడగానే చాలామంది చీపురో కర్రో వెతుక్కుంటారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జువాలజీ చదువుకున్న రాఘవేంద్ర గదగ్‌కర్ మాత్రం వాటిని చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరి, బాక్టీరియాలపై దాడి చేసే వైరస్‌ల మీద పరిశోధించి 1979లో డాక్టరేట్ తీసుకున్నారు. కందిరీగలు మాత్రం ఆయన్ని వదల్లేదు. అణుజీవశాస్త్రాన్ని పక్కనపెట్టి అదే సంస్థలో జంతు ప్రవర్తన ఆచార్యుడయ్యారు. ఆయన పనిలో అత్యధిక భాగం రొపాలీడియా మార్జినేటా అనే ఒకే ఒక్క కందిరీగ జాతి చుట్టూ తిరిగింది.

జంతువుల ప్రవర్తనను బోధిస్తూ, పరిశోధిస్తూ గడిపే విశ్వవిద్యాలయ జీవితానికి మన దేశంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. ఖరీదైన యంత్రాలు, అరుదైన జంతువులు లేకుండానే ఈ పనిలో ఎక్కువ భాగం జరిగిపోయింది. దాని బలమంతా చూసే పద్ధతిలో ఉంది. నా దృష్టిలో ఈ చదువులో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఆ పద్ధతే.

ఒక గూటి మీద ముప్పయ్యో నలభయ్యో ఈగలు ఉన్నాయనుకుందాం. తేనెపట్టులో రాణిని పొడవాటి పొట్టను బట్టి పోల్చుకోవచ్చు. ఈ కందిరీగల్లో రాణికీ పనిచేసే ఆడ ఈగలకూ ఆకారంలో తేడా కనబడదు. కాబట్టి మొదట ప్రతి ఈగ ఒంటి మీదా త్వరగా ఆరిపోయే రంగుతో చుక్కలు పెడతారు. ఒకదానికి ఎరుపూ పసుపూ, ఇంకోదానికి నీలం తెలుపు. దాంతో ప్రతి ఈగకూ ఒక సొంత చరిత్ర మొదలవుతుంది: అది ఎప్పుడు పుట్టింది, ఎవరి మీద పడి కరిచింది, ఎన్నిసార్లు తిండి తెచ్చింది.

తర్వాత రాయడం. “ఈగకు కోపం వచ్చింది” అని రాయకూడదు. “మీసాలు ఎత్తింది”, “రెక్కలు ఎత్తింది”, “గూటి గది లోపలికి దూరింది” అని రాయాలి. కోపం అనేది చూసే మనిషి ఊహ. మీసాలు ఎత్తడాన్ని పక్కనున్న విద్యార్థి కూడా చూసి, లెక్కపెట్టి, మీ లెక్క తప్పని చెప్పగలడు. ఎప్పుడు చూడాలన్నది మరో చిక్కు. కొట్లాట రేగినప్పుడే మన కళ్లు గూటి వైపు పోతాయి. అలా రాస్తూ పోతే నోటు పుస్తకం నిండా కొట్లాటలే మిగులుతాయి, పొద్దంతా కదలకుండా కూర్చున్న ఈగ లెక్కలోకే రాదు. అందుకని ఏ వేళల్లో చూడాలో ముందే చీట్లు తీసినట్టు తేల్చుకుంటారు. ఆ క్షణాన ఏ ఈగ ఏం చేస్తుంటే అదే పుస్తకంలోకి ఎక్కుతుంది, అది ఎంత చప్పగా ఉన్నా సరే.

1983లో గదగ్‌కర్, తోటి పరిశోధకుడు ఎన్.వి. జోషి ఇలా కూడబెట్టిన లెక్కలను ప్రచురించారు. కూర్చుని ఒళ్లు శుభ్రం చేసుకోవడం, మీసాలు ఎత్తడం, రెక్కలు ఎత్తడం, నడవడం, గదుల్లో దూరడం, గూటి మీద లేకపోవడం అనే ఆరు విషయాలకు ఒక్కో ఈగ ఎంతెంత సమయం ఇస్తోందో పోల్చి చూశారు. ఈగలు మూడు గుంపులుగా విడిపోయాయి: కూర్చునేవి, కొట్లాడేవి, తిండి తెచ్చేవి. అప్పటికి తెలిసిన ఇలాంటి చిన్న కాలనీల్లో రాణి అంటే అందరినీ అణచి ఉంచే దౌర్జన్యపరురాలు. ఇక్కడ రాణి కూర్చునేవాటి గుంపులో తేలింది. దీనికి దగ్గరి చుట్టమైన రొపాలీడియా సయతిఫార్మిస్‌లో రాణి కొట్లాడే రకం. మార్జినేటా రాణి మాత్రం సాధువు, అయినా గూటిలో గుడ్లు పెట్టే హక్కు దానిదే.

ఆ రాణిని తీసేస్తే ఏం జరుగుతుంది? కొద్దిసేపట్లోనే పనిచేసే ఈగల్లో ఒకటి ఉన్నట్టుండి విపరీతమైన దూకుడుకు దిగుతుంది. రాణిని తిరిగి పెడితే అది మళ్లీ మామూలు ఈగ అయిపోతుంది. పెట్టకపోతే సుమారు వారానికి గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఆ దూకుడంతా తగ్గి పాత రాణిలాగే సాధువవుతుంది. విచిత్రమేమిటంటే, రాణి ఉండగా ఆ ఈగను ముందే గుర్తుపట్టడం మనుషులకు సాధ్యం కాలేదు. ఒంటి పరిమాణం, అండాశయాల స్థితి, పోట్లాటల్లో పైచేయి, ఏదీ ఆనవాలు ఇవ్వలేదు. మరి ఈగలకు తెలుసా?

గదగ్‌కర్ దగ్గర డాక్టరేట్ చేస్తున్న అనిందితా భద్ర ఈ ప్రశ్నకు ఒక ముచ్చటైన ప్రయోగంతో జవాబు రాబట్టారు. 2008లో అచ్చయిన ఆ పనిలో గూటిని రెండుగా కోసి, మధ్యలో జాలీ పెట్టి, ఈగలను ఎటుపడితే అటు సగం సగం పంచారు. రాణి ఒక వైపే ఉంది. రెండో వైపు ఒక ఈగ దూకుడుగా లేచింది. అప్పుడు రాణిని, ఆ ఈగను అటూ ఇటూ మార్చారు. లేచిన ఈగే అసలు వారసురాలైతే అవతలి వైపు వాళ్లూ దాన్ని ఒప్పుకోవాలి. అసలు వారసురాలు ఇంతసేపూ రాణి వైపు నోరు మెదపకుండా కూర్చుని ఉంటే, రాణి అవతలికి వెళ్లగానే అది లేవాలి, మొదటిది తగ్గాలి. సరిగ్గా ఈ రెండే జరిగాయి. కొన్ని గూళ్లలో మొదటిదే నిలిచింది, కొన్నింటిలో రెండోది లేచింది, మూడోది లేచిన గూడు ఒక్కటీ లేదు. వారసురాలి మీద ఎవరూ తిరగబడలేదు. వరసలో తర్వాత ఎవరో ఈగలకు ముందే తెలుసు, తెలియనిది మనకే.

గాలి ఆడే జాలీ మాత్రమే అడ్డుగా ఉన్నా రెండో వైపు వారసురాలు లేచిందంటే, రాణి ఉనికి గాలిలో తేలివచ్చే వాసనతో తెలియడం లేదన్నమాట. రాణి తన పొట్ట చివరను గూటికి రుద్దుతూ తిరుగుతుంది. పొట్టలోని డ్యూఫర్ గ్రంథిని రాణి నుంచి తీసి, నూరి, గూటికి పూసి చూస్తే వారసురాలి దూకుడు తగ్గింది. రాణి కొరడా పట్టకుండా ఏలుతున్నది ఆ రసాయనంతోనే.

ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్ 1963లో రాసిన ఒక వ్యాసం ఈ రంగంలో నేటికీ తొలి తరగతుల పాఠం. ఏ ప్రవర్తననైనా నాలుగు రకాలుగా అడగమన్నాడాయన: అది ఎలా నడుస్తోంది, ఒక్క జీవి బతుకులో ఎలా రూపుదిద్దుకుంది, బతకడానికి ఏం పనికొస్తోంది, పూర్వీకుల నుంచి ఎలా మారుతూ వచ్చింది? డ్యూఫర్ గ్రంథి మొదటిదానికే జవాబు. మిగిలిన మూడూ ఇంకా నిలబడే ఉంటాయి. ఒక జవాబు దొరకగానే మిగతా మూడింటిని మరిచిపోకుండా చూడటం ఉపాధ్యాయుడి పని.

అనిందితా భద్ర తర్వాత కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో ఆచార్యురాలై, కందిరీగల దగ్గర నేర్చిన చూపును వీధి కుక్కల మీదికి తిప్పారు. ఆమె బృందం పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 కుక్కపిల్లలను కనిపెట్టి చూసింది. ఏడు నెలల వయసుకు మిగిలినవి 19 శాతమే. పోయినవాటిలో 63 శాతం మరణాలకు ఏదో ఒక రూపంలో మనుషులే కారణం. 2020లో వచ్చిన మరో పనిలో, ఏ తర్ఫీదూ లేని ఒంటరి వీధి కుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి ఒకదాని వైపు వేలు చూపారు. సుమారు సగం కుక్కలు భయంతో దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో వీధి కుక్కల గొడవ వచ్చినప్పుడల్లా రెండు పక్షాలూ గొంతు చించుకుంటాయి. ఇలాంటి లెక్కలు మన వీధుల్లోనూ తీసి, ఆ చర్చలో బల్ల మీద పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మనవాళ్లకు ఈ దారి కొత్తది కాదు. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్, మన దేశంలో కళ్లూ లెక్కలూ పెట్టుబడిగా మంచి జీవశాస్త్రం చేయవచ్చని తన శిష్యులను బయటికి పంపేవారు. వారిలో ఒకరు పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఆయన లాంటానా పొదల దగ్గర నిలబడి ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో లెక్కపెట్టారు. ఒక్కో జాతి ఒక్కో రంగుకు మొగ్గు చూపింది. 1958లో అది కరెంట్ సైన్స్ పత్రికలో అచ్చయింది. తర్వాత ఆయన అమెరికాలో జన్యుశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నా, తొలి పరిశోధనకు పొదలున్న చోటు, ఓపిక సరిపోయాయి.

మన డిగ్రీ కళాశాలల జువాలజీ ప్రయోగశాలల్లో కప్పను కోసే పద్ధతిని యూజీసీ 2014లో ఆపించింది. అది మంచి నిర్ణయమే. కానీ ఖాళీ అయిన ఆ గంటల్లోకి చాలాచోట్ల పటాలు, కంప్యూటర్ బొమ్మలు వచ్చి కూర్చున్నాయి. అక్కడికి రావలసింది బతికున్న జంతువు. ట్యూబులైటు దగ్గర చేరే బల్లుల్లో పెద్దది చిన్నదాన్ని ఎంత దూరం రానిస్తుంది? కాలేజీ ఆవరణలోని ఉడతలు మనిషిని చూసి ఎన్ని అడుగుల దూరంలో చెట్టెక్కుతాయి, పరుగెత్తే మనిషికి ఇంకా ముందే ఎక్కుతాయా? చూసే వేళలు ముందే నిర్ణయించుకుని, రాసే మాటలకు నిర్వచనాలు పెట్టుకుని, ఇద్దరు విద్యార్థులు విడివిడిగా లెక్కపెట్టి, ఆ లెక్కలు కలిశాయో లేదో ప్రాక్టికల్ పరీక్షలో చూపించాలి. కలవకపోతే ఎందుకు కలవలేదో చెప్పగలిగిన విద్యార్థికి ఎక్కువ మార్కులు వేయాలి.