ఆరు సూత్రాల నుంచి బ్రిడ్జి కోర్సు దాకా

2024 ఏప్రిల్‌లో సీబీఎస్‌ఈ బళ్లు కొత్త విద్యాసంవత్సరం మొదలుపెట్టాయి. మూడు, ఆరు తరగతులకు ఈసారి కొత్త పుస్తకాలని ముందే చెప్పారు. ఆరో తరగతి పిల్లలు వచ్చి కూర్చున్నారు గానీ పుస్తకాలు రాలేదు. ఆ ఖాళీలో నడపడానికి, పుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ నెల రోజుల బ్రిడ్జి కోర్సు ఒకటి పంపింది. ఆటలు, చిన్న చిన్న పనులతో పిల్లల్ని కొత్త పద్ధతికి అలవాటు చేయమన్నారు. నెల గడిచిపోయింది. సైన్సు, సోషల్ లాంటి పుస్తకాలు చేతికొచ్చేసరికి జులై దాటింది.

జాతీయ విద్యావిధానానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2020 జులై 29న. దాన్ని బట్టి బడి చదువుకు పాఠ్యప్రణాళిక చట్రం విడుదలైంది 2023 ఆగస్టు 23న. ఆ చట్రాన్ని చదవాలి, దాన్నిబట్టి పుస్తకం రాయాలి, అచ్చేయాలి, టీచర్లకు నేర్పాలి. వీటన్నిటికీ మిగిలింది ఏడెనిమిది నెలలు. ఇలాంటప్పుడు కోత పడేది ఎప్పుడూ చివరి పనికే.

తెలుగు బడులకు ఇది కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల నడుమ బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ప్రాథమిక విద్యా పథకం ఒకటి మొదలైంది. పాత టీచర్లు ఇప్పటికీ ఏపీపీఈపీ అనే అంటారు. మొదట ప్రయోగంగా నడిచి, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు. కృత్యాలు టీచరే తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని చేయించాలి, పిల్లల మధ్య తేడాలు గుర్తించాలి, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవాలి, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించి గదిని ఆసక్తిగా ఉంచాలి. గోడకు గోడకు మధ్య దారం కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీయడం చాలా ఊళ్లలో అప్పుడే చూశారు. ఆ పథకంలో నాకు నచ్చింది మరొకటి: టీచర్ సెంటర్. పది పన్నెండు బళ్ల టీచర్లు ఒకచోట చేరి, ఏ పాఠం ఎలా చెప్పామో, ఎక్కడ దెబ్బతిన్నామో మాట్లాడుకునే చోటు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఒకచోట కలిసే ఇవాళ్టి కాంప్లెక్స్ మీటింగులకు మూలం అలాంటి ఆలోచనే. అయితే ఇప్పుడు ఆ పూట చాలావరకు ఫార్మాట్లు నింపడానికే సరిపోతోంది.

ఇక ఆ ఆరు సూత్రాలు ఏమయ్యాయంటారా? టెట్, డీఎస్సీ గైడుల్లో బిట్లుగా బతికున్నాయి. ‘చేసి నేర్చుకోవడం ఎన్నో సూత్రం?’ అని బట్టీ పట్టి ఉద్యోగం తెచ్చుకుంటున్నాం.

రెండో కెరటం ఢిల్లీ నుంచి వచ్చింది. బడిసంచీ బరువు గురించి ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో వాపోయిన తర్వాత, శాస్త్రవేత్త యశ్‌పాల్ కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది. అసలు బరువు సంచీలో లేదు, అర్థం కాని చదువులో ఉందని తేల్చింది. ఆ యశ్‌పాలే సారథిగా వచ్చిన 2005 జాతీయ చట్రం బట్టీ చదువును వదిలించాలంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని, అంటే పిల్లాణ్ని ఏడాది పొడవునా అన్ని కోణాల్లో గమనిస్తూ అంచనా వేసే పద్ధతిని, తప్పనిసరి చేసింది. మన రాష్ట్రం 2011లో సొంత చట్రం రాసుకుని, 2012 నుంచి దశలవారీగా పుస్తకాలు మార్చి, 2014-15కు పదో తరగతి దాకా వచ్చింది. పుస్తకాలు నిజంగా బాగున్నాయి. పాఠం చివర ప్రశ్నలు కూడా జవాబు పేజీలో దొరకనివి, పిల్లాడు ఆలోచించి రాయాల్సినవి.

చిక్కు ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం దగ్గర వచ్చింది. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, ఒక్కోటి 50 మార్కులు: భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 10, రాత అంశాలకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఒక హైస్కూల్ టీచరు మూడు సెక్షన్లు, నూట ఇరవై మంది పిల్లలు అనుకోండి. ఒక్క సబ్జెక్టులో ఒక్క ఎఫ్ఏకే 480 అంకెలు వేయాలి, వాటికి ఆధారాలు దాచాలి. ఆ పనిలో మునిగినవాడు పిల్లాడి మొహం ఎప్పుడు చూస్తాడు? ఇక ప్రాజెక్టులు ఇంటర్నెట్ సెంటర్లలో ప్రింటయ్యి, రంగు కాగితం అట్ట వేసుకుని వచ్చేవి. తెలంగాణ 2015 పబ్లిక్ పరీక్షల నుంచి, ఆంధ్రప్రదేశ్ 2017 నుంచి పదో తరగతిలో 20 మార్కులు బడికే వదిలాయి. ఆ ఇరవైకి ఇరవై వేసుకుంటున్నారన్న గోల మొదలై, ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని ఎత్తేసింది. సీబీఎస్‌ఈ అప్పటికే 2017లో నిరంతర సమగ్ర మూల్యాంకన పద్ధతికి స్వస్తి పలికింది.

పద్ధతి చెడ్డదని నేననను. దాన్ని నడిపేవాళ్లకు ఇచ్చిన సమయం చూడండి. రాష్ట్ర స్థాయిలో కొందరికి శిక్షణ, వాళ్లు జిల్లాకు, జిల్లావాళ్లు మండలానికి. ఆర్పీ (శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్) నుంచి ఆర్పీకి మారుతూ వచ్చేసరికి చట్రంలోని ఆలోచన జారిపోయి, రిజిస్టరు నమూనా ఒక్కటే మిగిలేది.

2020 నాటి కొత్త విద్యావిధానం ప్రతి టీచరుకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. మంచిదే. అంతకంటే గట్టి ముడి ఇంకోటుంది. బడి చదువును అయిదు, మూడు, మూడు, నాలుగేళ్ల దశలుగా విడగొట్టిన 5+3+3+4లో చివరి నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒకే దశ. మనకేమో 1971 నుంచీ ఇంటర్‌కు వేరే బోర్డు, వేరే లెక్చరర్లు, వేరే కాలేజీలు. టెన్త్ పాసైన మర్నాటి నుంచి పిల్లాడు బడివాడు కాడు. మొదటి అయిదేళ్ల సంగతీ అంతే. మూడేళ్ల పిల్లలు అంగన్‌వాడీలో, ఒకటి, రెండు తరగతులు ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) దగ్గర. రెండూ ఒకే ప్రాంగణంలో, ఒకే వేపచెట్టు కింద ఉన్న ఊళ్లున్నాయి. కానీ అంగన్‌వాడీ టీచరుది స్త్రీ శిశు సంక్షేమ శాఖ, ఎస్జీటీది విద్యాశాఖ. వేసవిలో ఒకరి గదికి తాళం పడితే రెండో గది తెరిచే ఉంటుంది.