కాస్ పీఠభూమి: బీద నేలలో పూల కలిమి

కృష్ణానది పుట్టిన మహాబలేశ్వరం ఉన్న సతారా జిల్లాలోనే, సతారా పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1200 మీటర్ల ఎత్తున కాస్ పీఠభూమి ఉంది. పడమటి కనుమలలోని 39 ప్రదేశాలను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, ఈ రక్షిత అటవీ భూమికీ అందులో చోటు దక్కింది. ఇక్కడ 850కి పైగా పూల మొక్కల జాతులు ఉన్నాయని లెక్క. ఇన్ని పూలు పూసే నేల ఎంత సారవంతమైనదో అనిపిస్తుంది గాని, సేద్యం దృష్టితో చూస్తే ఇది ఎందుకూ కొరగాని నేల.

అడుగున ఉన్నది లాటరైట్ శిల. యుగాల తరబడి కురిసిన వానలు పోషకాలను కడిగివేయగా, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి గట్టిపడిన రాయి అది. దానిపై మట్టి పొర చాలాచోట్ల ఎంత పలుచనంటే చెట్ల వేళ్లు దిగవు. అందువల్లనే నేలబారు మొక్కలకు ఎండ దక్కుతుంది.

నత్రజని కొరతను తట్టుకోవడానికి కొన్ని మొక్కలు వేటకు దిగాయి. మరాఠీలో ‘సీతేచీ ఆసవే’, అంటే సీతమ్మ కన్నీళ్లు, అని పిలిచే యుట్రిక్యులేరియా ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తడి నేలంతా ఊదారంగు పరుస్తుంది. పూవు సుకుమారమే గాని, వేటంతా మట్టిలోపల సాగుతుంది. అక్కడ దీనికి ఆవగింజ కన్నా చిన్న సంచులుంటాయి. సంచి తనలోని నీటిని బయటికి తోడి పీడనం తగ్గించుకుంటుంది. మూత దగ్గరికి సూక్ష్మజీవి రాగానే మూత తెరుచుకుని, కొన్ని మిల్లీసెకన్లలో నీటితో సహా దానిని లోపలికి లాగేస్తుంది. రెండు పాయలుగా చీలిన పూలకంకి గల ‘వాయ్‌తురా’, అంటే అపోనోజెటాన్ సతారెన్సిస్, ఉత్తర పడమటి కనుమల పీఠభూములలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగదు. వానలు వెనుదిరిగాక దాని ఆకులన్నీ ఎండిపోయి, మళ్లీ తొలకరి దాకా దుంప ఒక్కటే భూమిలో మిగులుతుంది.

సందర్శకుల తొక్కిడి నుంచి పూలను కాపాడాలని ఇనుప కంచె వేయడంతో, ఆ చోట్ల పశువుల మేత కూడా ఆగింది. మేత లేక ఏపుగా పెరిగిన గడ్డి చిన్న మొక్కలను కప్పేస్తోందన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో పస ఉందనే నా అభిప్రాయం; తరతరాలుగా మేతకు అలవాటుపడిన నేల అది. అలాగని మందలను ఇష్టారాజ్యంగా వదిలినా ముప్పే: పేడ పేరుకుని నేల సారం పెరిగితే, ఆ గడ్డికే మళ్లీ బలం చేకూరుతుంది.