కొలిచేకొద్దీ జరిగిపోయిన సున్నా

ఆహారంలో యాంటీబయోటిక్ అవశేషాలను పట్టే సెన్సార్ల మీద పాత తగాదా మళ్ళీ లేచింది. చేతిలో పట్టే పరికరం ‘ఉంది’ అని చూపిస్తే సరుకు ఆపెయ్యాలా, ల్యాబ్ తేల్చేదాకా ఆగాలా? ఇలాంటి పరీక్షల తొలి చరిత్ర పెన్సిలిన్ కలిసిన పాలు తోడుకోకపోవడం దగ్గర మొదలైంది. ఈ గొడవ మూలం మాత్రం 2001-02లో ఉంది.

క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు వాడకుండా యూరోపియన్ యూనియన్ 1994లోనే నిషేధించింది. అరుదుగానైనా మనిషి ఎముక మజ్జలో రక్తకణాల తయారీనే ఆపేసే మందు అది. ఇంతవరకు ఫర్వాలేదు అని ఏ అంకే చెప్పలేకపోయారు, అందుకే పరిమితి సున్నా అన్నారు. కానీ సున్నా అంటే ఎంతో చెప్పలేదు. మెషిన్‌కు ఎంత కనబడితే అంతే. 2001-02లో ఆసియా నుంచి వచ్చిన రొయ్యల్లో ఈ మందు బయటపడింది. 2002 జనవరిలో చైనా జంతు ఉత్పత్తుల దిగుమతిని యూరప్ ఆపేసింది. ఒక ల్యాబ్‌లో దొరికిపోయే సరుకు, అంత సూక్ష్మంగా చూడలేని ఇంకో ల్యాబ్‌లో పాసైపోయేది.

2003లో గానీ ఒక అంకె రాలేదు. ల్యాబ్ పద్ధతి కిలోకు కనీసం 0.3 మైక్రోగ్రామ్‌నైనా పట్టగలగాలి అన్నారు. అంటే టన్ను రొయ్యల్లో 0.3 మిల్లీగ్రామ్. మెషిన్ సత్తాకు పెట్టిన ఆ అంకే 2005 నుంచి సరుకును తిప్పి పంపే గీత అయింది. 2022 నవంబర్‌కల్లా అది 0.15కు దిగింది. ఇన్నేళ్ళలో మందు మారలేదు, కొలిచే శక్తి పెరిగింది.

రొయ్యల రైతుల మాట ఇక్కడే వినాలి. నైట్రోఫ్యూరజోన్ కూడా నిషేధించిన యాంటీబయోటిక్కే. దాన్ని వాడారనడానికి గుర్తుగా, ఒంట్లో అది విరిగాక మిగిలే సెమికార్బజైడ్‌ను వెతుకుతారు. అది మందు ఎరగని రొయ్యల పెంకుల్లోనూ దొరికింది. సీసా మూతల లోపలి ప్లాస్టిక్ రింగుల నుంచి కూడా ఆహారంలోకి దిగుతుందని 2003లో తేలింది. రీడింగ్ నిజమే అయినా నేరం జరగకపోవచ్చు.

సెన్సార్ కంపెనీలు తక్కువగా చెప్పే విషయం ఇంకొకటుంది. 2002 నుంచి యూరప్ నిబంధనల ప్రకారం సెన్సార్ వంటి తొలి పరీక్ష, కలుషితమైన శాంపిళ్ళలో నూటికి ఐదుకు మించి వదిలెయ్యకూడదు. అందుకే దాన్ని కావాలనే అనుమానం వైపు మొగ్గేలా తయారుచేస్తారు. నిషేధించిన మందు ఉందని ఖాయం చెయ్యాల్సింది అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి రెండో పరీక్షే. శుభ్రమైన ద్రావణంలో గొప్ప అంకెలు చూపించే సెన్సార్, కొవ్వూ ప్రొటీనూ ఉన్న శాంపిల్ ముందు తడబడుతుంది. నైట్రోఫ్యూరజోన్ కోవకు చెందిన నైట్రోఫ్యూరాన్ల అవశేషాలైతే కండకు అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడానికి మామూలు పద్ధతిలో రాత్రంతా ఆమ్లంలో ఉంచాలి. సెన్సార్ ఐదు నిమిషాల్లో చెప్పినా ఆ రాత్రి తప్పదు.

నీళ్ళ సంగతి వేరు. యూరప్ 2015లో ఎరిత్రోమైసిన్ వంటి మందులను నిఘా జాబితాలో పెట్టి నదుల్లో కొలవడం మొదలుపెట్టింది. అది సమాచారం కోసమే, దాటితే శిక్షించే గీత కాదు. యాంటీబయోటిక్ ఫ్యాక్టరీల వ్యర్థ జలాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు 2024లో గానీ రాలేదు.

పరికరం చెరువు గట్టునే ఉంటే, రొయ్యలు పట్టకముందే రైతుకు తెలుస్తుంది, ఆగుతాడు. రేవులో ఉంటే అప్పటికే ఖర్చంతా పెట్టేసి ఉంటాడు. అక్కడ రెండో నిపుణుడి అభిప్రాయం అడిగే హక్కును యూరప్ 2017 చట్టం సరుకు యజమానికి ఇచ్చింది. దానికయ్యే ఖర్చు యజమానే పెట్టుకోవాలి.