మత్తు డాక్టర్లు కంటిపాపను మళ్లీ ఎందుకు చూస్తున్నారు?

ఆపరేషన్ అనగానే చాలామందికి ఉండే టెన్షన్ ఒకటుంది: కోత పెట్టేటప్పుడు నొప్పి తెలుస్తుందేమో, చెప్పడానికి నోరు పెగలదేమో అని. అది అర్థం లేని భయం కాదు. స్పృహ లేకపోయినా శరీరం నొప్పికి స్పందిస్తుంది. ఆ స్పందనను కంటిపాపలో కొలిచే పరికరాలు ఇప్పుడున్నాయి. నిజానికి మత్తు డాక్టర్లు కంటిపాపను చూడటం కొత్తేమీ కాదు, మధ్యలో మానేశారు.

1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తును అందరి ముందు చూపించారు. రెండేళ్లు తిరగకుండానే ఇంగ్లాండులో కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే 15 ఏళ్ల హన్నా గ్రీనర్ చనిపోయింది. మత్తు ఎక్కువైందని దేన్ని చూసి కనిపెట్టాలి? ఈ ప్రశ్న మన హైదరాబాదుకూ వచ్చింది. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్, నాడిని కాదు, శ్వాసను చూడమన్నాడు. అది తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888, 1889లలో రెండు కమిషన్లు పనిచేశాయి. కానీ క్లోరోఫాం గుండెనే నేరుగా ఆపగలదని తర్వాత రుజువైంది; అంటే శ్వాసొక్కటే చూస్తే చాలదు.

కంటికి పెద్దపీట వేసింది అమెరికా డాక్టర్ ఆర్థర్ గెడెల్. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో క్షతగాత్రులు వేలల్లో ఉంటే, మత్తు ఇవ్వడం తెలిసినవాళ్లు కొద్దిమందే. ఆయన మోటార్‌సైకిల్ మీద ఆసుపత్రులు తిరుగుతూ నర్సులకు, సహాయకులకు నేర్పాడు. వాళ్ల కోసం ఒక పట్టిక తయారుచేశాడు: శ్వాస ఎలా ఉంది, కనుగుడ్లు కదులుతున్నాయా, కంటిపాప ఎంత ఉంది. ఈథర్ మోతాదు మించేకొద్దీ కంటిపాప పెద్దదవుతుంది. యంత్రం ఏదీ లేకుండా ఎన్నో ప్రాణాలు నిలిపిన పట్టిక అది.

1942లో మాంట్రియల్‌లో ఆపరేషన్‌కు క్యురారే అనే, కండరాలను సడలించే మందు వాడారు. కండరాలు పూర్తిగా సడలిపోయి, శ్వాస కూడా డాక్టర్ చేతిలోకి వచ్చింది. ఇక శ్వాసను చూసి మత్తు లోతు చెప్పడం కుదరలేదు. మార్ఫిన్ లాంటి నొప్పి మందులతో కంటిపాప సూదిమొనంత అవుతుంది కాబట్టి దాన్నీ నమ్మడం తగ్గింది. ఇక్కడే తొందరపడ్డారని నాకనిపిస్తుంది. క్యురారే జాతి మందులు కాళ్లూ చేతులను కదలనివ్వవు గానీ, కంటిపాపను నడిపే కండరం వాటికి లొంగదు. వేలు కూడా కదపలేని మనిషిలో అదొక్కటి కదులుతూనే ఉంటుంది.

1990లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మత్తు డాక్టర్ మెర్లిన్ లార్సన్ ఈ కదలికను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో కొలిచాడు. నొప్పి తగిలితే కొన్ని క్షణాల్లో కంటిపాప విచ్చుకుంది. బీపీ, గుండె వేగం అంతగా మారనప్పుడూ ఇది స్పష్టంగా కనిపించింది. ఫెంటనిల్ జాతి నొప్పి మందు ఇస్తే ఆ విచ్చుకోవడం తగ్గింది. నొప్పి మందు చాలిందో లేదో చెప్పడానికి ఇదే ఆధారం. ఇప్పుడు కొన్ని పరికరాలు కోతకు ముందే చిన్న కరెంటు ఇచ్చి, కొంచెం కొంచెం పెంచుతూ, కంటిపాప ఎప్పుడు స్పందిస్తుందో చూస్తాయి.

అయితే ఆపరేషన్‌లో కళ్లు ఎండిపోకుండా రెప్పలు మూసి టేప్ వేస్తారు. కొలిచిన ప్రతిసారీ ఆ టేప్ తీసి రెప్ప ఎత్తాలి. బోర్లా పడుకోబెట్టి వెన్ను ఆపరేషన్ చేస్తున్నప్పుడు అదీ కష్టమే.