యంత్రం నేర్చుకుంటుందా, గొంతు నేర్చుకుంటుందా?

చెన్నైలో పెరంబూరులో ఉంటున్న ఒక పాఠకుడు కిందటి నెల ఒక ప్రశ్న పంపారు. ఆయన రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి విరమించినవారు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు, ఉందని తేలాక ఆటో సీప్యాప్ యంత్రం వాడటం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. అది ముక్కులోకి గాలి ఊది గొంతును తెరిచి ఉంచుతుంది, ఒత్తిడిని తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మొదటి వారంలో పొద్దున్నే తెర మీద రాత్రి వాడిన గాలి ఒత్తిడి 11 అని కనబడేదట. ఇప్పుడు 8 దాటడం లేదు. "ఏమండీ, యంత్రం నా నిద్రను నేర్చుకుందా, లేక నేనే యంత్రానికి అలవాటు పడ్డానా?" అని అడిగారు. ఈ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు.

కాగితపు స్ట్రాతో కొబ్బరి బొండం తాగినవారికి ఈ జబ్బు సగం తెలిసినట్టే. మొదటి గుక్కలప్పుడు స్ట్రా బిగువుగా ఉంటుంది కాబట్టి ఎంత బలంగా పీలిస్తే అన్ని నీళ్ళు వస్తాయి. కాసేపటికి అది నాని, మధ్యలో ఒకచోట మెత్తబడుతుంది. అప్పుడు పీలిస్తే లోపలి ఒత్తిడి తగ్గి, మెత్తబడినచోట గోడలు దగ్గరికి జరుగుతాయి; ఇంకా బలంగా పీలిస్తే ఇంకా దగ్గరవుతాయి. ఒక హద్దు దాటాక బుగ్గలు లోతుకు పోయేలా పీల్చినా నీళ్ళు మాత్రం అంతే వస్తాయి. చివరికి గోడలు రెండూ అతుక్కుని చుక్క కూడా రాదు.

బడి పుస్తకాలలో శ్వాసమార్గాన్ని ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఒకే గట్టి గొట్టంలా గీస్తారు, ఆ బొమ్మ మారాలని నా కోరిక. శ్వాసనాళానికి మృదులాస్థి కమ్ములు ఉన్నాయి, అది ముడుచుకోదు. అంగిలి వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతు భాగానికి మాత్రం అలాంటి చట్రం లేదు. మింగడానికీ మాట్లాడడానికీ అది కదలాలి కాబట్టి చుట్టూ ఉన్న కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఆ కండరాలు సడలుతాయి, అంటే స్ట్రా నానుతుంది. గాలి పూర్తిగానో దాదాపు పూర్తిగానో కనీసం 10 సెకన్లపాటు ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. ఇలాంటి ఆటంకాలు, పాక్షికమైనవాటితో కలిపి, గంటకు 30 దాటితే జబ్బు తీవ్రమైనదని లెక్క, అంటే సగటున రెండు నిమిషాలకొకసారి. గురక గాఢనిద్రకు గుర్తని ఇప్పటికీ నమ్మే ఇళ్ళు ఉన్నాయి. ఊపిరాడక అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినవాడి గుండెల మీద ఏదో కూర్చుందని తాయెత్తు కట్టించడం నా చిన్నతనంలో చూశాను. అలా లేచేవారిలో చాలామందికి దారికి అడ్డంపడింది వాళ్ళ సొంత నాలుక మొదలే అయి ఉంటుంది. ఎవరైనా ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నానిన స్ట్రాను బాగుచేసే ఉపాయం లోపలి నుంచి ఒత్తిడి పెట్టడం. బొండం లోపలి నీటినే కాస్త పైకి నెడుతూ ఉంటే గోడలు దగ్గరికి రావు. 1980లో సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు వ్యాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి ఊదే ఏర్పాటు చేసి, ముక్కు ద్వారా ఈ పని చేసి చూపారు; ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఒత్తిడిని సెంటీమీటర్ల నీటిమట్టంలో కొలుస్తారు. పొడుగాటి గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రాను 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి, బుడగలు వచ్చేలా ఊదండి. మీరు పెట్టిన ఒత్తిడి 10. వాతావరణ పీడనంలో అది సుమారు నూరో వంతు మాత్రమే. ఇప్పటి యంత్రాలు సాధారణంగా 4 నుంచి 20 వరకు ఇస్తాయి.

ఎప్పుడు ఎంత ఇవ్వాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. యంత్రం గొంతును చూడలేదు, నిద్రను చూడలేదు. తన గొట్టంలో గాలి ప్రవాహాన్ని మాత్రం సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది. గొంతు బాగా తెరిచి ఉన్నప్పుడు ఒక ఉచ్ఛ్వాసాన్ని గీతగా గీస్తే గుండ్రటి గుట్టలా లేచి దిగుతుంది. గొంతు మెత్తబడి ముడుచుకోవడం మొదలైతే, బలంగా పీల్చినా ప్రవాహం పెరగని ఆ హద్దు వస్తుంది కదా, అక్కడ గుట్ట శిఖరం కోసేసినట్టు బల్లపరుపుగా మారుతుంది. గొంతు ఇంకా మూసుకోలేదు, రోగి మేలుకోలేదు, చాలాసార్లు గురక కూడా మొదలవలేదు; అయినా శిఖరం చదునైంది. మంచి యంత్రం ఆప్నియా వచ్చేదాకా ఆగదు. ఈ చదునును, దానితోపాటు గురక అదురునూ పసిగట్టి, కొద్ది శ్వాసలలోనే ఒత్తిడి పెంచడం మొదలుపెడుతుంది. శిఖరం మళ్ళీ గుండ్రబడ్డాక పదుల నిమిషాలమీద మెల్లగా దించుతుంది. ఎక్కేటప్పుడు తొందర, దిగేటప్పుడు నిదానం ఎందుకంటే, గబుక్కున దించితే గొంతు మళ్ళీ కూలుతుంది.

ఇక్కడొక చిక్కుంది. స్ట్రా తెరిచే ఉంది గానీ పీల్చేవాడే పీల్చడం మానేస్తే? మెదడు నుంచి ఆజ్ఞ రాక ఊపిరి ఆగితే దాన్ని కేంద్రీయ ఆప్నియా అంటారు. అప్పుడు ఒత్తిడి పెంచినా ప్రయోజనం లేదు, కొందరిలో అది ఊపిరి లయను ఇంకా చెదరగొడుతుంది. ప్రవాహం సున్నా అయినప్పుడు ఈ రెండింటినీ వేరుచేయడానికి కొన్ని యంత్రాలు సెకనుకు 4 సార్లు చిన్నచిన్న ఒత్తిడి అలలను గొంతులోకి పంపుతాయి. అలతోపాటు గాలి లోపలికీ బయటికీ ఊగిందంటే దారి తెరిచి ఉందని అర్థం; అల గోడకు కొట్టుకున్నట్టు ఆగితే దారి మూసుకుందని అర్థం. అర్ధరాత్రి, మనిషికి తెలియకుండా, ఇంత నాజూకైన పరీక్ష జరుగుతుందంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక పెరంబూరు ప్రశ్న. యంత్రాలలో చాలావాటికి నిన్నటి రాత్రి గుర్తుండదు. రికార్డులో దాచుకుంటాయి గానీ, ఈ రాత్రి మళ్ళీ వైద్యుడు పెట్టిన కనిష్ఠ ఒత్తిడి దగ్గరే మొదలుపెట్టి, ఈ రాత్రి శ్వాసలనే చూసి ఎక్కుతాయి, దిగుతాయి. పైగా తెర మీది అంకె సాధారణంగా 95 శాతం అంకె: రాత్రిలో 95 శాతం సేపు ఒత్తిడి అంతకు మించలేదని దాని భావం. ఎనిమిది గంటల నిద్రలో మిగిలిన 5 శాతం అంటే 24 నిమిషాలు. వెల్లకిలా పడుకున్న ఒక అరగంట చాలు, ఆ అంకె పైకి పోవడానికి.

కాబట్టి మారింది ప్రధానంగా ఆయనే. ఏళ్ళ తరబడి ముక్కలైన నిద్ర తర్వాత మొదటి రాత్రుల్లో కలలు వచ్చే నిద్రదశ బాకీ తీర్చుకున్నట్టు విరుచుకుపడుతుంది. కండరాలు అన్నిటికంటే ఎక్కువ సడలేది ఆ దశలోనే, ఒత్తిడి ఎక్కువ కావలసిందీ అప్పుడే. రోజూ గురక అదురుకు వాచిన గొంతు గోడల వాపు కొన్ని వారాల్లో తగ్గి దారి వెడల్పవుతుంది. మొదట్లో కనిపించే కేంద్రీయ ఆప్నియాలు కూడా చాలామందిలో వారాలు, నెలల్లో సర్దుకుంటాయి. మాస్క్ పట్టీలు ఎంత బిగించాలో చేతికి తెలిసేసరికి లీకు తగ్గుతుంది, యంత్రానికి శ్వాస గీత స్పష్టంగా అందుతుంది. బరువు తగ్గితే మేలు మరింత.

ఒక ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళి నాలుగు నెలల పట్టిక చూశాను. ఏసీ చల్లదనానికి గొట్టంలో నీరు చేరి గుడగుడమంటోందని మొదటి నెలలో గొట్టానికి పాత నూలు పంచె చుట్టారు. ఆ రాత్రి నుంచే మధ్యలో లేవడం తగ్గింది. జలుబు చేసిన మూడు రాత్రులు ఒత్తిడి మళ్ళీ 10కి ఎక్కింది. మరొక తేదీ దగ్గర మాత్రం ఏమీ లేదు, ఖాళీ. ఆ రాత్రి కరెంటు పోయి, యంత్రం లేకుండానే పడుకున్నారట. వాళ్ళావిడ కాఫీ గ్లాసులు తెచ్చి పెడుతూ, ఆ రాత్రి గురక పక్కగదిలోకి కూడా వినబడిందని చెప్పారు.