గొప్ప ఆటగాడే గొప్ప కోచ్ అవుతాడా? వాన్ గాల్ గురించి అపోహలు - వాస్తవాలు

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. అకాడమీకి వచ్చిన తండ్రులు ముందు అడిగేది ఒకటే: "సార్, మీరు ఇండియాకు ఆడారా?" లేదంటే వాళ్ల ముఖంలో నమ్మకం సగం తగ్గిపోతుంది. పదిహేడేళ్ల కుర్రాళ్లలో ఇదే ఆలోచన భయమై కూర్చుంటుంది. రాష్ట్ర జట్టుకు సెలెక్ట్ కాలేదు, ఇక ఆటతో రుణం తీరిపోయిందనుకుంటారు. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: స్టార్ ప్లేయర్ కానివాడు పెద్ద కోచ్ కాలేడు.

వాస్తవం: నెదర్లాండ్స్‌కు చెందిన ప్రఖ్యాత కోచ్ లూయిస్ వాన్ గాల్ 1972లో ఆటగాడిగా ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్ అయాక్స్‌లో చేరాడు. మహా ఆటగాడు యోహాన్ క్రైఫ్ ఉన్న అయాక్స్ అది, వరసగా యూరోపియన్ కప్పులు గెలుస్తున్న జట్టు. వాన్ గాల్‌కు సీనియర్ టీమ్‌లో చోటే దొరకలేదు. బెల్జియం వెళ్లి ఆంట్వెర్ప్‌కు ఆడాడు. తర్వాత నెదర్లాండ్స్ క్లబ్‌లు టెల్‌స్టార్, స్పార్టా రోటర్‌డామ్, చివరికి ఏజెడ్. నెదర్లాండ్స్ జెర్సీ ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఒకపక్క ఆడుతూనే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక స్కూల్లో పీఈటీగా చేశాడు.

నా దృష్టిలో అసలు కోచింగ్ అక్కడే నేర్చుకున్నాడు. ఆట రాని పిల్లాడికి కూడా అర్థమయ్యేలా చెప్పడం, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎందుకు నిలబడాలో విడమరచడం పీఈటీకి రోజూ ఉండే పని. 1991లో అయాక్స్ హెడ్ కోచ్ అయ్యాడు. 1992లో యూరప్ క్లబ్‌ల టోర్నీ యూఈఎఫ్‌ఏ కప్ గెలిచాడు. 1994-95లో లీగ్ మొత్తం ఓటమి లేకుండా గెలిచి, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్‌ను 1-0తో ఓడించాడు. ఆ గోల్ కొట్టిన పాట్రిక్ క్లైవర్ట్‌కు అప్పుడు 18 ఏళ్లు.

మరోవైపు మార్కో వాన్ బాస్టెన్‌ను చూడండి. ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డును మూడుసార్లు గెలిచిన నెదర్లాండ్స్ మహా ఆటగాడు. కోచ్‌గా మాత్రం 2014లో ఆరోగ్యం సహకరించక ఏజెడ్‌లో హెడ్ కోచ్ బాధ్యత వదిలి అసిస్టెంట్‌గా ఉండిపోయాడు. ఆడటం వేరు, ఆడించడం వేరు. క్రైఫ్‌కు రెండూ వచ్చాయి, కానీ క్రైఫ్ లాంటివాళ్లు ఎంతమంది?

మన హైదరాబాద్ రహీం సాబ్ కూడా టీచరే. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ ఆయన. ఇది చెప్పాకే మా దగ్గర ఆట మానేస్తానన్న ఒక కుర్రాడు ఆగాడు. ఇప్పుడు సాయంత్రాలు అండర్-10 పిల్లలకు పాసింగ్ డ్రిల్స్ చేయిస్తున్నాడు, నాకంటే ఓపిగ్గా.

అపోహ: వాన్ గాల్ లాంటి కఠినమైన మనిషి కుర్రాళ్లను నమ్మడు.

స్పెయిన్ క్లబ్ బార్సిలోనాలో, తర్వాత ప్రపంచ స్టార్లయిన చావీకి, ఇనియెస్టాకు మొదటి అవకాశం ఇచ్చింది ఎవరనుకున్నారు? వాన్ గాలే.

అపోహ: 2014 వరల్డ్ కప్‌లో నెదర్లాండ్స్ కోచ్‌గా వాన్ గాల్ కోస్టారికాపై పెనాల్టీల ముందు గోల్‌కీపర్‌ను మార్చడం జూదం.

కాదు. పెనాల్టీల కోసం దింపిన టిమ్ క్రూల్‌కు మ్యాచ్‌కు ముందే చెప్పి ఉంచారు, అతను రెండు పెనాల్టీలు ఆపాడు. మొదటి కీపర్ సిలెసెన్‌కు మాత్రం చెప్పలేదు. ఆడుతున్నంతసేపూ అతని మనసు ఆటమీదే ఉండాలని.